ఎండిన సీమలో ఊబి ఎక్కడ దాక్కుంటుంది?

ఈ ఎపిసోడ్ మన ఓర్వకల్లు నుంచి. టాపిక్ ఏంటంటే, ఊబి.

ఊబి అనే మాట మనం వారానికి ఒక్కసారైనా వింటాం. అప్పుల ఊబి, లోన్ యాప్‌ల ఊబి, బెట్టింగ్ ఊబి. పేపర్ తెరిస్తే ఎవరో ఒకరు ఏదో ఒక ఊబిలో కూరుకుపోయి ఉంటారు. కానీ అసలు ఊబిని, అంటే కాలు పెడితే దిగబడే నేలని, మన బ్యాచ్‌లో ఎంతమంది చూసుంటారు? సినిమాలో తప్ప చూసి ఉండరు. ఇంకా చెప్పాలంటే, "రాయలసీమలో ఊబి ఏంటి బ్రో, తాగడానికే నీళ్ళు లేవు" అంటారు.

ఆ డౌట్ కరెక్టే. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ డౌట్ మీదే నడుస్తుంది. ఎందుకంటే ఊబి కావాలంటే ఇసుక కోసం వెతకకూడదు, నీళ్ళ కోసం వెతకాలి. అది కూడా పై నుంచి పడే నీళ్ళు కాదు, కింద నుంచి పైకి వచ్చే నీళ్ళు. ఈ ఒక్క పాయింట్ పట్టుకుంటే చాలు. మీ ఊరి వాగులో, డ్యామ్ ఒడ్డున, చెరువు కట్ట కింద, పళ్ళెం అంత ఊబి ఉన్నా మీ కంటికి కనపడుతుంది. అందులో ఒక చోట కనపడితే ఊరంతా సేఫ్‌గా ఉండే ఛాన్స్ ఉంది. అది లాస్ట్‌లో చెప్తా, స్కిప్ చేయకండి.

ముందు సైన్స్. భయపడొద్దు, ఫార్ములాలు లేవు.

మామూలు ఇసుక మీద మనం ఎందుకు నిలబడగలుగుతున్నాం? ఇసుక రేణువులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. మన బరువు ఒక రేణువు నుంచి ఇంకో రేణువుకు, అట్లా కిందికి పోతుంది. ఇప్పుడు ఆ రేణువుల మధ్యలో నీళ్ళు నిండాయి అనుకోండి. నీళ్ళు ఊరికే నిలబడి ఉంటే పెద్ద సమస్య లేదు. బీచ్‌లో తడి ఇసుక మీద బైక్ కూడా నడుపుతారు కదా. కానీ ఆ నీళ్ళు కింద నుంచి పైకి తోస్తుంటే? రేణువులు కొంచెం కొంచెం లేస్తాయి. ఒకదాన్నొకటి ఆనుకోవడం వదిలేస్తాయి. పైకి చూస్తే నేలే, లోపల మాత్రం గంజి. అదీ ఊబి.

దీన్ని లెక్కతో చెప్పింది కార్ల్ టెర్జాగి అనే ఆస్ట్రియా ఇంజనీర్. 1925లో ఆయన రాసిన పుస్తకంతోనే సాయిల్ మెకానిక్స్ అనే సబ్జెక్ట్ మొదలైంది అంటారు. సివిల్ బ్రాంచ్ వాళ్ళు నవ్వుకుంటూ ఉంటారు ఇప్పుడు, ఎందుకంటే వాళ్ళకిది సెమిస్టర్ పరీక్షలో వచ్చే ప్రశ్న. లెక్క చాలా సింపుల్. నీళ్ళు నిండిన ఇసుక, నీటి కంటే దాదాపు రెండు రెట్లు బరువు. అందులో నీటి వాటా తీసేస్తే మిగిలేది ఒక వంతు. కాబట్టి ఒక మీటరు మందం ఉన్న ఇసుకని తేల్చాలంటే, కింద నుంచి ఇంకో మీటరు ఎత్తు నీళ్ళంత అదనపు ఒత్తిడి చాలు. పెద్ద నది అక్కర్లేదు, సముద్రం అక్కర్లేదు. పక్కనే కొంచెం ఎత్తులో నీళ్ళు నిలబడి, వాటికి కింద నుంచి దారి దొరికితే సరిపోతుంది.

నమ్మకం లేకపోతే ఇంట్లోనే చేసుకోండి. ఒక పాత పెయింట్ బకెట్ తీసుకోండి. అడుగున బెజ్జం పెట్టి గార్డెన్ పైపు బిగించండి. బెజ్జం మీద పాత బట్ట ముక్క వేసి, బకెట్‌లో ముప్పావు వంతు సన్న ఇసుక పోయండి. ఇసుక లోపల ఒక టేబుల్ టెన్నిస్ బంతి పాతిపెట్టండి. పైన పిడికిలంత రాయి పెట్టండి. ఇప్పుడు కుళాయి చాలా మెల్లగా తిప్పండి. కాసేపు ఏమీ జరగదు. ఇంకొంచెం తిప్పితే ఇసుక మీద నీళ్ళు మెరుస్తాయి, తర్వాత ఇసుక ఉడుకుతున్నట్టు కదులుతుంది. రాయి గుటుక్కున మునుగుతుంది, లోపల పాతిన బంతి పైకి తేలుతుంది. కుళాయి కట్టేయండి. రెండు నిమిషాల తర్వాత ఆ రాయిని లాగి చూడండి, సిమెంట్ చేసినట్టు పట్టేసి ఉంటుంది.

ఈ బకెట్‌లో మొత్తం కథ ఉంది. ఒకటి, కుళాయి ఉంటేనే ఊబి, కట్టేస్తే మామూలు ఇసుక. రెండు, బరువైనవి మునిగాయి, తేలికైనవి తేలాయి. మూడు, చంపేది మునగడం కాదు, పట్టేయడం.

ఇంకో కన్ఫ్యూజన్ కూడా క్లియర్ చేస్తా. రీల్స్‌లో మొక్కజొన్న పిండి, నీళ్ళు కలిపి దాని మీద పరిగెత్తుతారు చూడండి, "ఊబి అంటే ఇదే" అని క్యాప్షన్ పెడతారు. అది పూర్తిగా రివర్స్. ఆ పిండిని గట్టిగా కొడితే గట్టిపడుతుంది. ఊబిని కదిపితే పల్చబడుతుంది. ఆ రీల్ చూసి ఊబి మీద పరిగెత్తితే తేలిపోతాం అనుకుంటే నిండా దిగబడతారు.

మరి సినిమాలో చూపించినట్టు మనిషి మొత్తం మునిగి, లాస్ట్‌లో చెయ్యి మాత్రం కనపడి, అది కూడా మాయమైపోవడం? అది జరగదు. 2005లో ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీలో డేనియల్ బాన్ టీమ్ దీని మీద చేసిన ప్రయోగం నేచర్ పత్రికలో వచ్చింది. ఇరాన్‌లో ఒక ఉప్పు సరస్సు దగ్గర నుంచి తెచ్చిన ఊబి ఇసుక మీద టెస్ట్ చేశారు. మన ఒంటి సాంద్రత దాదాపు నీటితో సమానం, ఊబి సాంద్రత దానికి రెండింతలు. కాబట్టి మనిషి నడుము దాకా దిగుతాడు, అక్కడ తేలుతూ ఆగిపోతాడు. బకెట్‌లో టేబుల్ టెన్నిస్ బంతి తేలింది కదా, అదే లాజిక్.

కానీ అదే ప్రయోగంలో ఇంకో సంగతి బయటపడింది, అదే డేంజర్. మనం గింజుకున్నప్పుడు నీళ్ళు పైకి విడిపోతాయి, ఇసుక కాళ్ళ చుట్టూ గట్టిగా పేరుకుంటుంది. ఆ పేరుకున్న ఇసుకలో నుంచి కాలిని సెకనుకు ఒక సెంటీమీటరు స్పీడ్‌తో లాగాలంటే కావాల్సిన బలం, ఒక మోస్తరు కారుని పైకి ఎత్తేంత. అందుకే ఫ్రెండ్‌ని చేతులు పట్టుకుని లాగితే బయటికి రాడు, భుజం మాత్రం జారిపోతుంది.

సరే, ఇప్పుడు ఫీల్డ్‌లోకి పోదాం.

ఓర్వకల్లు అంటే అందరికీ గుర్తొచ్చేది రాక్ గార్డెన్. కర్నూలు నుంచి నంద్యాల పోయే హైవే పక్కనే. బాహుబలి షూటింగ్ 2013 జులైలో ఇక్కడే మొదలైంది, ఆ తర్వాత ఆదివారం వస్తే సెల్ఫీల జాతరే. అక్కడ ఊబి దొరుకుతుందా అంటే, ఆ బండల మీద దొరకదు. బండకు దిగబడే గుణం లేదు, నీళ్ళు రేణువుల మధ్యలో నుంచి పైకి తోయడానికి అక్కడ రేణువులే లేవు.

కానీ ఇదే ఓర్వకల్లు మండలంలో కాల్వబుగ్గ ఉంది, రామేశ్వరస్వామి గుడి. పేరులోనే ఉంది చూడండి, బుగ్గ. బుగ్గ అంటే నేలలో నుంచి నీళ్ళు ఉబికి వచ్చే చోటు. అటు మహానంది కోనేరు తీసుకోండి, అడుగున ఉన్న రూపాయి బిళ్ళ కనపడేంత తేట నీళ్ళు. అంటే పైన ఎండి నెర్రెలిచ్చిన ఈ సీమలో కూడా కింద నీళ్ళు నడుస్తూనే ఉన్నాయి, సందు దొరికిన చోట పైకి వస్తున్నాయి. రాతి కట్టడంలో పైకొస్తే అది కోనేరు, దండం పెట్టుకుంటాం. అవే నీళ్ళు సన్న ఇసుకలో పైకొస్తే ఊబి. నీళ్ళు అవే, నేల వేరు.

ఇప్పుడు మూడు చోట్లు చెప్తాను.

మొదటిది, ఏరు, వాగు, వంక. హంద్రీ, కుందూ, పెన్నా, పాపాఘ్ని, చెయ్యేరు, మన సైడ్ ఏర్లన్నీ ఏడాదిలో చాలా నెలలు ఎండి ఇసుకే కనపడతాయి. కానీ కింద తడి ఉంటుంది. అందుకే కదా మన అవ్వలు, తాతలు ఇసుకలో చెలమ తవ్వి బిందెలు నింపుకున్నది.

ఈ ఎపిసోడ్ కోసం ఒక వంకలో తిరుగుతుంటే గొర్రెలు కాసే ఒక తాత దూరం నుంచే కేకేశాడు. "ఏమబ్బీ, యాడికి పోతాండావ్? ఆ పక్కకు పోవాకు, దిగబడ్తావ్" అన్నాడు. "నీకెట్లా తెలుసు తాతా, పైకి మామూలుగానే ఉంది కదా" అంటే, చేతిలో కర్ర తీసి ఇసుకలో అట్లా ఆనించాడు. గుచ్చలేదు, ఊరికే ఆనించాడు అంతే. కర్ర దాని బరువుకే జానెడు లోపలికి పోయింది. "చెలమ యాడ తవ్వాల్నో తెలిసినోనికి ఊబి యాడ ఉంటాదో తెలీదా నాయనా" అన్నాడు. నేను టెర్జాగి గురించి చదివి వచ్చాను, తాత ఆ ముక్క లేకుండానే అదే చెప్పాడు. నీళ్ళు ఎక్కడ పైకి దగ్గరగా ఉంటాయో చదవడం వస్తే రెండూ దొరుకుతాయి.

ఆ తాత దగ్గర నేర్చుకున్నదీ, పుస్తకంలో చదివిందీ కలిపి గుర్తులు చెప్తా. చుట్టూ ఇసుక పొడిగా, ఒక ముక్క మాత్రం ముదురు రంగులో, ఎండలో కూడా తడిగా మెరుస్తుంటే డౌట్ పడండి. ఎండిన వంక మధ్యలో తుంగ గడ్డి పచ్చగా ఒక గుంపుగా ఉంటే కింద నీళ్ళు దగ్గర్లో ఉన్నట్టు. అంచున నిలబడి పాదంతో మెల్లగా తట్టితే అడుగు దూరంలో నేల జెల్లీలా వణుకుతుందా చూడండి. ఇంకో గుర్తు చాలా అందంగా ఉంటుంది. చీమల పుట్టలాంటి చిన్న ఇసుక కుప్ప, మధ్యలో గుంట, ఆ గుంటలో సన్న ఇసుక ఆగకుండా కుతకుతమంటూ ఉంటుంది. అర చేయంత ఉండొచ్చు, పళ్ళెం అంత ఉండొచ్చు. బకెట్‌లో మనం చేసింది ప్రకృతి అక్కడ చేస్తోంది అనమాట.

టైమింగ్ కూడా ఉంది. అందరూ వరద వచ్చిన రోజు భయపడతారు. ఏటి ఇసుక ఎక్కువ మోసం చేసేది వరద తగ్గిన తర్వాత రెండు మూడు రోజులు. ఎందుకంటే వరదప్పుడు ఒడ్డు మట్టి నిండా నీళ్ళు తాగి ఉంటుంది. ఏట్లో నీటిమట్టం పడిపోగానే ఆ నీళ్ళన్నీ ఒడ్డు పాదం దగ్గర నుంచి తిరిగి ఏట్లోకి ఊరతాయి. పైగా వరద మోసుకొచ్చిన ఇసుక కొత్తది, వదులుగా పరుచుకుని ఉంటుంది. 2021 నవంబర్ 19న రాజంపేట వైపు చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్ట్ మట్టికట్ట కొట్టుకుపోయినప్పుడు పొలాల మీద, ఇళ్ళ మీద ఎంతెంత ఇసుక మేటలు వేసిందో మనందరం వీడియోల్లో చూశాం. అట్లాంటి కొత్త మేట మీద నడవాలంటే చేతిలో కర్ర ఉండాల్సిందే. ఇసుక తవ్విన గుంతలు ఉన్న చోట ఇంకా జాగ్రత్త. లోతైన గుంతని వరద వదులు ఇసుకతో, ఒండ్రుతో నింపేస్తే పైకి సమానంగా కనపడుతుంది, లోపల ఆధారం ఉండదు.

రెండో చోటు, డ్యామ్ వెనక్కి తగ్గిన ఒడ్డు. బెస్ట్ ఉదాహరణ సంగమేశ్వరం. శ్రీశైలం నీటిమట్టం తగ్గినప్పుడు మాత్రమే బయటపడే గుడి, సప్త నదుల సంగమం అంటారు. వేసవి దగ్గర పడగానే "గుడి బయటపడింది" అని ఫోటోలు వస్తాయి, మనం బైక్ తీస్తాం. అక్కడ ఉండేది స్ట్రిక్ట్‌గా చెప్పాలంటే ఇసుక ఊబి కాదు, ఒండ్రు. నెలల తరబడి నీళ్ళ కింద పేరుకున్న మెత్తటి మట్టి. పైన ఎండకు పెచ్చు కడుతుంది, కింద పచ్చిగానే ఉంటుంది. పాల మీద మీగడ లాగా. మీగడ మీద ఈగ వాలితే ఏం కాదు, మనం వాలితే అవుతుంది. కుక్క పరిగెత్తిన దారిలో మనిషి దిగబడతాడు, మనిషి నడిచిన దారిలో గేదె దిగబడుతుంది.

ఇక్కడ నెర్రెలు చదవాలి. వెడల్పుగా, లోతుగా, పెంకులు విడిపోయినట్టు నెర్రెలిచ్చి ఉంటే పైపొర మందంగా ఎండింది అని. వెంట్రుక వాసి నెర్రెలు, ముదురు రంగు, అసలు నెర్రెలే లేని నున్నటి జాగా అంటే కింద ఇంకా పచ్చి. గుడికి పోయేవాళ్ళు ఇప్పటికే పది మంది నడిచి గట్టిపడిన బాట వదిలి ఫోటో కోసం నీళ్ళ అంచుకు పోవద్దు. నీళ్ళ అంచే అన్నిటికంటే కొత్తగా బయటపడిన నేల, అంటే అన్నిటికంటే పచ్చి నేల.

మూడో చోటు. ఇది మనందరి ఊళ్ళలో ఉంది, దీని కోసమే ఈ ఎపిసోడ్ చేశాను. చెరువు కట్ట.

చెరువు నిండింది అనుకోండి. కట్టకు ఒక పక్క పది, పదిహేను అడుగుల నీళ్ళు. ఇంకో పక్క పొడి పొలం. ఇందాక లెక్క గుర్తు తెచ్చుకోండి, ఎత్తులో నిలబడ్డ నీళ్ళు, వాటికి కింద నుంచి దారి. కట్ట కింద ఎక్కడైనా ఇసుక పొర ఉంటే, ఎలుక బొరియ ఉంటే, కుళ్ళిపోయిన చెట్టు వేరు ఉంటే, నీళ్ళు అటు నుంచి ఇటు వస్తాయి. వచ్చి కట్ట పాదం దగ్గర పైకి లేస్తాయి. అక్కడ కనపడేది అదే చిన్న ఊబి, అదే కుతకుతలాడే ఇసుక గుంట. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. రీల్ తీస్తే వ్యూస్ కూడా వస్తాయి.

కానీ ఆ గుంట మీతో ఒక మాట చెప్తోంది. నీళ్ళతో పాటు కట్ట మట్టి కూడా బయటికి పోతోంది అని. లోపల సన్న సొరంగం మొదలవుతుంది. మట్టి పోయేకొద్దీ దారి పెద్దదవుతుంది, దారి పెద్దదైతే నీళ్ళు జోరుగా వస్తాయి, జోరుగా వస్తే ఇంకా మట్టి పోతుంది. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఆగని లూప్. మన ఊళ్ళలో దీనికి పాత మాట ఉంది, కట్టకు బుంగ పడింది అంటారు. అమెరికాలో ఐడహో రాష్ట్రంలో టీటన్ డ్యామ్ అని ఒకటి ఉండేది, మట్టి డ్యామ్. 1976 జూన్ 5 పొద్దున బురద నీళ్ళు కారడం చూశారు. మధ్యాహ్నం 12 కొట్టేలోపు డ్యామ్ తెగిపోయింది. గంటల్లో అయిపోయింది, రోజుల్లో కాదు.

ఇది అమెరికా వాళ్ళు మనకు నేర్పాల్సిన సంగతి కూడా కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర ఒక శాసనం ఉంది. 1369 నాటిది, విజయనగర బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించినప్పుడు వేయించింది. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని అందులో ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు కూడా చెక్కించారు. ఆ ఆరు దోషాల్లో మొట్టమొదటిది ఏంటో తెలుసా? కట్టలో నుంచి నీళ్ళు ఊరడం. రెండోది చౌడు నేల. ఆరున్నర శతాబ్దాల కింద, ఇదే సీమలో, ఫస్ట్ బగ్ ఇదే అని రాయి మీద రాసి పెట్టారు. మనం దాన్ని చూడ్డం మానేశాం, అంతే. అప్పట్లో నీరుగంటి అని ఒక మనిషి ఉండేవాడు, కట్ట, తూము చూసుకోవడమే ఆయన పని. ఇప్పుడు చాలా ఊళ్ళలో ఆ మనిషి లేడు. చెరువు నిండితే ఫోటో తీసేవాళ్ళం మాత్రం మనం ఉన్నాం.

కాబట్టి ఏం చూడాలి? కట్ట బయటి పక్క, పాదం వెంబడి. నీళ్ళు ఊరుతున్నాయా? ఊరితే తేటగా ఉన్నాయా, బురదగా ఉన్నాయా? కొంచెం తేట నీళ్ళు ఊరడం చాలా మట్టికట్టలకు మామూలే, నిన్నటికంటే పెరుగుతోందా అని గమనిస్తే చాలు. నీళ్ళు బురదగా వస్తున్నా, ఇసుక కుప్ప పెరుగుతున్నా అది మామూలు కాదు. ఒక సీసాలో ఆ నీళ్ళు పట్టి కాసేపు కదలకుండా ఉంచండి, అడుగున మట్టి పేరుకుంటే కట్ట కరుగుతున్నట్టే.

కనపడితే దాన్ని రాళ్ళతో, మట్టితో మూసేయడానికి ట్రై చేయొద్దు. ఇక్కడ మూస్తే ఇంకోచోట పొడుచుకొస్తుంది. తెలిసినవాళ్ళు ఏం చేస్తారంటే, చుట్టూ ఇసుక బస్తాలతో రింగ్ కట్టి, లోపల నీళ్ళు కొంత ఎత్తు నిలబడనిస్తారు. ఆ నిలబడ్డ నీళ్ళ బరువు కింద నుంచి వచ్చే ఒత్తిడికి ఎదురు నిలుస్తుంది, మట్టి రావడం ఆగుతుంది, తేట నీళ్ళు మాత్రం కారుతుంటాయి. అది ఇంజనీర్లు దగ్గరుండి చేయించాల్సిన పని. మన పని ఒక్కటే. దూరంగా నిలబడి ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి వీడియో తీయండి. టైమ్ చెప్పండి, నీళ్ళ రంగు చూపించండి. గ్రామ సచివాలయంలో ఇవ్వండి, జలవనరుల శాఖ ఏఈకి పంపండి. నీళ్ళు జోరుగా బురదగా వస్తుంటే ఫైల్స్, ఫార్వర్డ్‌లు తర్వాత, ముందు 112కి కాల్ చేసి, కట్ట కింద ఇళ్ళవాళ్ళకి చెప్పండి.

ఇప్పుడు, ఎవరైనా ఎక్కడైనా దిగబడితే ఏం చేయాలో చెప్పి ముగిస్తాను.

మునగరు అని చెప్పాను కదా, మరి మనుషులు ఎందుకు చనిపోతారు? ఇంగ్లాండ్‌లో మోర్కాంబ్ బే అనే చోటు ఉంది, ఊబులకు పేరు మోసింది. 2004 ఫిబ్రవరి 5 రాత్రి అక్కడ గవ్వచిప్పలు ఏరుకునే చైనా కూలీలు కనీసం 21 మంది చనిపోయారు. సముద్రం పోటు వచ్చి చుట్టుముట్టేసింది, తప్పించుకునే దారి లేదు. అట్లాంటి చోట్ల ఇసుక మనిషిని పట్టి ఆపుతుంది, ప్రాణం తీసేది నీళ్ళు. మన దగ్గర పోటు లేదు, కానీ పైన డ్యామ్ గేట్లు ఎత్తితే ఏరు పెరుగుతుంది, ఎక్కడో వాన పడితే వంక వచ్చేస్తుంది. లేదంటే మే నెల ఎండ, చుట్టూ మనిషి లేడు, ఫోన్‌లో సిగ్నల్ లేదు. అందుకే ఫస్ట్ రూల్, ఒంటరిగా పోవద్దు.

మీరే దిగబడితే, మొదట కదలడం ఆపండి. బ్యాగ్ తీసి గట్టి నేల వైపు విసిరేయండి. మోకాళ్ళ దాకానే దిగితే వెంటనే వెనక్కి కూర్చున్నట్టు వాలిపోండి. బట్టలు పాడవుతాయి, పర్వాలేదు. వెల్లకిలా పడుకుంటే మీ బరువు ఎక్కువ జాగా మీద పడుతుంది, తేలుతారు. చేతిలో కర్ర ఉంటే వీపు కింద అడ్డంగా పెట్టుకోండి. తర్వాత ఒక కాలిని మెల్లగా, చిన్న చిన్నగా అటూ ఇటూ ఆడించండి. అట్లా ఆడిస్తే కాలి పక్క సందులోకి నీళ్ళు దిగుతాయి, పట్టు వదులవుతుంది. ఒక కాలు వచ్చాక రెండోది. అర గంట పట్టొచ్చు, పట్టనివ్వండి. బయటపడ్డాక లేచి నిలబడొద్దు, వచ్చిన దారి వైపే పాకండి. ముందు ఏముందో మీకు తెలియదు, వెనక ఉన్నది మిమ్మల్ని మోసిన నేల.

పక్కన ఫ్రెండ్ ఉంటే పరిగెత్తుకుంటూ పోయి రెండోవాడు కావద్దు. చెక్క, తలుపు, నిచ్చెన, మంచం, ఏది దొరికితే అది నేల మీద పరిచి దాని మీద పడుకుని దగ్గరికి పోండి. తాడు ఇవ్వండి పట్టుకోవడానికి, లాగడానికి కాదు. ట్రాక్టర్‌కి కట్టి మనిషిని లాగడం అస్సలు వద్దు, ఇందాక చెప్పిన కారు బరువు లెక్క గుర్తుంచుకోండి. కాళ్ళ పక్కన నీళ్ళు పోస్తూ ఇసుకని వదులు చేయాలి. ఫైర్ వాళ్ళకి 101, లేదా 112. గేదె దిగబడినా ఇదే పద్ధతి. కొమ్ములకు, మెడకు తాడు కట్టి లాగితే బయటికి వచ్చేసరికి ప్రాణం ఉండదు. వెడల్పు పట్టీ ఒంటి చుట్టూ వేసి, కాళ్ళ దగ్గర నీళ్ళతో వదులు చేసి, మెల్లగా పక్కకు తేవాలి.

సో, ఈ ఎపిసోడ్ చూసి "పోయి ఊబిలో దిగి చూద్దాం బ్రో" అనే బ్యాచ్ ఉంటుంది, నాకు తెలుసు. దిగాల్సిన పని లేదు, బకెట్ ఉంది కదా. మీకు ఒక పని ఇస్తాను, దానికి దమ్ము కూడా అక్కర్లేదు, చెప్పులు చాలు. ఈసారి వానలకు మీ ఊరి చెరువు నిండితే, కట్ట మీద నిలబడి నీళ్ళ వైపు ఒక ఫోటో తీసుకోండి. తర్వాత అటు తిరిగి కిందికి దిగి, పొలం వైపు పాదం వెంబడి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకసారి నడవండి. మహా అయితే ఇరవై నిమిషాలు. చేతిలో ఒక కర్ర, పక్కన ఒక ఫ్రెండ్. వారం తర్వాత మళ్ళీ ఒకసారి.

అంతే. చెరువు నిండాలని, ఆ నడకలో మీకు ఏమీ కనపడకూడదని కోరుకుంటూ, ఉంటాను మరి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.